పోపు వాసన పడని తాగుబోతు

నేను బుద్ధెరిగిన కాడికెల్లి ఒక్క సుక్క కల్లు గూడ ముట్టలే. మా బెల్లంపల్లిల గిది చిన్న ముచ్చట కాదు. మా దిక్కు పెండ్లయినా సావయినా కల్లు లేకుంట పని కాదు. గసువంటి నేను ఒక్క ఆదివారం నాడు, నా చేతులార, నా సొంత చేతిరాతతోని, ఊరెరిగిన తాగుబోతునైన. అదెట్లయ్యిందో చెప్త, ఇనుండ్రి. ఇన్నంక నవ్వుకోండ్రి, ఫికర్ లేదు. తొమ్మిదేండ్ల సంది నవ్వెటోళ్లు నవ్వుతనే ఉన్నరు, ఇంకో నలుగురు ఎక్కువైతె నాకేం పోతది.

నా పేరు ఏలియ. బోర్డులు రాసే పెయింటర్‌ను. ఫ్లెక్సీలు వచ్చి మా కడుపు మీద కొట్టకముందు మా బజార్ల సగం దుకాన్ల మీద నా రాతనే ఉండె. నా 'ల'కు తోక జర ఎక్కువ తిరుగుతది. ప్రతి అక్షరానికి కుడిదిక్కు కింద నీడ ఇస్త. గా నీడను సూసి సదువు రానోళ్లు గూడ "గిది ఏలియ రాత" అనెటోళ్లు. గది నాకు గర్వం. మా చర్చిల ఆదివారం పాడే కీర్తనల నంబర్లు నల్లబోర్డు మీద రాసేది గూడ నేనే. దేవుని బోర్డయినా కోడిమాంసం బోర్డయినా నీడ మాత్రం ఇడ్వలే. గా నీడనే నన్ను ముంచింది.

నా పెండ్లాం పేరు స్వరూప. పెండ్లయిన మొదటి ఏడు ఆమెకు నెల తప్పింది. నేను ఆగిన్నా? ఆగలే. పాలకోవ కొని, బోర్డు రాసిన ప్రతి దుకానానికి పోయి పంచిన. చర్చిల లేశి నిలవడి సాక్ష్యం చెప్పిన. మూడో నెలల గా గర్భం నిలవలే. పాలకోవ తిన్నోళ్లందరు ఇగ పరామర్శకు రావట్టిరి. ఒగలు పోంగనే ఒగలు. పాపం, అందరు మంచోళ్లే, అందరు అడిగేది ఒక్కటే, ఎట్లయ్యింది బిడ్డా అని. స్వరూప మొదటికెల్లి చెప్పాలె, చెప్పుకుంట ఏడ్వాలె, కండ్లు తుడుసుకునే లోపట ఇంకొకరు కడప కాడ చెప్పులు ఇడ్శెటోళ్లు. నెల దినాలు గట్లనే నడిశింది. బిడ్డ పోయిన బాధ ఒక్కసారి పడ్డది, గా ముచ్చట చెప్పుకునే బాధ నలభై సార్లు పడ్డది. పంచిన పాలకోవ మల్ల తెచ్చుకునేదుంటె తెచ్చుకుందును.

రెండోసారి నెల తప్పినప్పుడు ఆమె నన్ను మంచం మీద కూసోవెట్టి, చెయ్యి పట్టుకొని మాట తీసుకున్నది.

"మూడు నెల్లు దాటేదాక నీ నోట్లకెల్లి గీ మాట బయటికి రావద్దు. మల్ల గట్లనే అయితె నేను ఇంట్ల ఏడుస్త. ఊరందరి ముంగట ఇంకోసారి ఏడ్సుడు నాతోని కాదు."

"నా నోటితోని ఎవ్వలకు చెప్ప" అన్న.

సూశిండ్రా, నోటితోని అన్న. చేతి ముచ్చట అప్పుడు ఇద్దరికీ యాదికి రాలే.

ఇగ వేవిళ్లు మొదలైనయి. మామూలుగ కాదు. పొద్దుగాల కాలు కింద పెట్టుడే ఆలిశెం, బకెట్ కాడికి ఉరుకుడు. నా బట్టల టర్పెంటు వాసన పడకపోయేది. డబ్బలు, బ్రష్షులు అన్ని తీసి దొడ్డి అవతల పెట్టి, రెండు పూటల సబ్బు రాసుకొని తానం చేసి ఇంట్ల అడుగు పెట్టేది. గంతకంటె పోపు పెద్ద శత్రువు. మూడిండ్ల అవతల ఎవలన్న జీలకర్ర ఏసినా ఈమెకు తెలిసేది. పోలీసు కుక్కకు గూడ గంత ముక్కు ఉండదు. నేనే పొయ్యి కాడ నిలవడి పోపు లేని పప్పు, ఉడుకుడుకు అన్నం చేసెటోన్ని. అదిగూడ కడుపుల ఆగకపాయె. డాక్టరమ్మ రాసిన గోలీలు మింగితె గోలీలే ముందుగాల బయటికి వచ్చేటియి.

అల్లమంటె తెల్వదా, బెల్లంలెక్క పుల్లగుంటది అన్నట్టు, ఇంటివైద్యంల నాకు గూడ శాన తెలివి ఉండె. వాంతులకు శొంఠి మంచిదని ఎవలో అన్నరు. పెయింటు కలిపిన అలవాటు గద, చిక్కగుంటెనే పట్టుతదని గిలాసెడు నీళ్లల్ల పిడికెడు శొంఠి ఏసి మసలబెట్టిన. స్వరూప ఒక్క గుటిక మింగింది. కండ్లల్ల నీళ్లు, ముక్కుల నీళ్లు. తేరుకున్నంక నా మొకం సూసి, "గిది నాకు ఇచ్చినవా, గోడకు కొడుదామనుకున్నవా" అని అడిగింది.

నవ్వు పక్కకు పెట్టి అసలు సంగతి చెప్త. ఆమె చేతి గాజులు జారి మణికట్టు దాటుతుండె. డాక్టరమ్మ గట్టిగనే చెప్పింది, మంచినీళ్లు గూడ ఆగకపోతె భర్తీ చేసి సెలైన్ ఎక్కియ్యాలె అని. గా దవాఖానల నర్సులల్ల సగం మంది మా చర్చోళ్లే. భర్తీ అయితె పావుగంటల ఊరందరికి తెలుస్తది. భర్తీ కాకపోతె పాణం. ఇంట్లనే ఎట్లనన్న తగ్గాలె, ఎవ్వలకు ఎరుక కావద్దు. నాకు దినాం భయం, బుగులు. బుగులు పట్టినోనికి తెలివి ఎక్కువైతది, అది మోకాలుకు వస్తది.

మా చర్చిల ఒక చిన్న కట్టె పెట్టె ఉంటది. ఎవలకు ఏ కష్టమున్నా చీటీ మీద రాసి అండ్ల ఏస్తరు. ఆదివారం ఆరాధన నడుమ సంఘపెద్ద ఒక్కో చీటీ తీసి బయటికి సదువుతడు, అందరు కండ్లు మూసుకొని దానికోసం ప్రార్థన చేస్తరు. పేరు రాయాలని ఏం లేదు. నేను నోటితోనే గద చెప్పనన్నది, చేతితోని రాయనన్లే గద, గింత మంచి తొవ్వ ఉండంగ ఎందుకు పరేషాన్ అనుకున్న. గిట్ల రాసిన:

"మా ఇంట్ల ఒకరికి పొద్దున లేవంగనే వాంతులు. అన్నం సయిస్తలేదు. పోపు వాసన అసలే పడ్తలేదు. ఈ మూడు నెల్లు గట్టెక్కాలని ప్రార్థించండి. పేరు దేవునికి ఎరుక."

ఎవలు రాసిండ్రో దేవుడు తప్ప ఎవ్వలు పట్టరనుకున్న. గని చెయ్యి ఊకుంటదా? 'ల' తోక తిప్పింది, ప్రతి అక్షరానికి నీడ ఇచ్చింది, అడుగున రెండు గీతలు గూడ కొట్టింది.

ఆ ఆదివారం స్వరూప జ్వరమని ఇంట్లనే ఉన్నది. చీటీలు సదివేటోడు గిద్యోను సారు. రిటైరైన హెడ్మాష్టరు, సంఘపెద్ద. తాగుడంటె ఆయనకు పగ. ఆయన నా చీటీని గొంతెత్తి సదివిండు. సదివి ఆగిండు. కండ్లద్దాలు సదురుకొని చీటీ సూసిండు. వెనుకకు తిరిగి కీర్తనల నంబర్ల బోర్డు సూసిండు. మల్ల చీటీ. మల్ల బోర్డు. ఆఖరికి నన్ను సూసిండు. ఆయన సూపు ఎంట మొగోళ్ల దిక్కు తలకాయలన్ని నా దిక్కు తిరిగినయి. నేను భయపడి ఆడోళ్ల దిక్కు సూసిన. అటు ఒక్కరు గూడ తల తిప్పలే, అందరు బుద్ధిగ కండ్లు మూసుకొని ఉన్నరు. ఆళ్లకు ఏం అర్థంకాలేదని సంబురపడ్డ.

అయ్యా, నా సంబురం.

మాపటికి గిద్యోను సారు, పాస్టరయ్య, ఇంకో నలుగురు మా ఇంటికి వచ్చిండ్రు. సారు నా పక్కన కూసొని నా భుజం మీద చెయ్యి ఏసిండు.

"ఏలియా, దాచకు బిడ్డా. డాక్టరు మూడు నెల్లే టైం ఇచ్చిండా?"

"దేనికి సారు?"

"పొద్దుగాల వాంతులు, అన్నం సయించదు, వాసనలు పడవు. గది కార్జం పాడైన లెక్క. మా తమ్ముడు అచ్చం గిట్లనే పోయిండు. ఎన్నొద్దుల సంది తాగుతున్నవు?"

తాగుత లేనని చెప్పుటానికి నోరు తెరిశిన. అప్పుడే లోపలి అర్రల స్వరూపకు కడుపుల తిప్పింది. కొంగు నోట్ల కుక్కుకున్నా గా సప్పుడు ఆగుతదా. అందరు లోపలికి మెడలు సాపిండ్రు. ఇంకొక్క నిమిషమైతె ఏమైందో ఎవలికని లేశి సూస్తరు. ఇగ నేను ఏం చేసిన్నో చెప్పాలంటె ఇప్పటికీ సిగ్గే. రెండు చేతులు నోటికి అడ్డం పెట్టుకొని, ఆమెకంటె పెద్ద సప్పుడు చేసుకుంట బయటికి ఉరికి, మురికినీళ్ల మోరి కాడ కూలవడ్డ. అయిదు నిమిషాలు ఉత్తుత్తగనే కక్కిన. సారు వచ్చి నా వీపు రాసుకుంట, "నాకు ఎరుకే, నాకు ఎరుకే" అన్నడు. గా మనిషికి తమ్ముడు యాదికొచ్చిండు. అబద్ధం ఎంత బరువుంటదో నాకు గా మోరి కాడనే తెలిసింది. అయినా, "అవును సారు, తాగుతున్న" అన్న.

మర్నాడే ఒక కాయితం వచ్చింది. ఇగ జన్మల మందు ముట్టనని ప్రమాణం. నా చేతితోనే రాయించిండ్రు, సంతకం పెట్టించిండ్రు. నీడ ఇచ్చిన్నా అని అడగకుండ్రి.

అటెనుక నడిశిన ముచ్చట నాకు వింతనే. మొగోళ్లు నాకు వాక్యాలు చెప్పుకుంట ఎంట తిరగవట్టిరి. ఆడోళ్లు మాత్రం ఏదో ఒకటి పట్టుకొని ఇంటికి రావట్టిరి. ముందుగాల వచ్చింది శాంతమ్మ. ఆమె ముప్పై ఏండ్లు దవాఖానల ఆయమ్మగ చేసి దిగిపోయింది. జొన్న పేలాల డబ్బ నా చేతిల పెట్టి మెల్లగ చెప్పింది, తాగుడు మానినోడు పొద్దుగాల మంచం దిగకముందే, మొకం గూడ కడగకముందే, గుప్పెడు పేలాలు ఒక్కొక్కటి నమలాలెనట. పావుగంట పండుకొని అప్పుడు లేవాలె. నీళ్లు గడగడ తాగొద్దు, రెండేసి గుటికలు దినమంత తాగాలె. కడుపు ఖాళీగ ఉంచొద్దు, నిండుగ తినొద్దు. ఇంకొకామె బస్టాండుల అమ్మే అల్లం మురబ్బ తెచ్చింది, కడుపుల తిప్పినప్పుడు బుగ్గన పెట్టుకొమ్మన్నది. ఇంకొకామె ఉప్పుల ఊరిన నిమ్మకాయ తెచ్చి, నాకుడు కాదు, ఉత్త వాసన సూసినా సాలన్నది.

తాగుబోతులకు గిన్ని మందులున్నయా అని నేను మస్తు ఆశ్చర్యపడ్డ. శాంతమ్మ పోయేటప్పుడు ఇంకో మాట గూడ అన్నది. తాగుడు మానిన ఇంట్ల నీళ్ల బిందె ఎవ్వలు ఎత్తొద్దట, ముఖ్యంగ ఆడోళ్లు. బొప్పాయి పండు గూడ ఇంట్లకు తేవొద్దట. మా అవతలింటామె ఆ దినం సంది మా బిందెలు గూడ ఆమెనే నింపి కడప కాడ పెట్టిపోయేది. పోపు పెట్టుకుంటె మా దిక్కు కిటికీ మూసేది. గిదంత సూసి నాకేం సమజైందనుకుంటున్నరు? తాగుబోతుకు మా ఊర్ల మంచి ఇజ్జత్ ఉన్నదని సమజైంది. గంతనే.

నాకు ఇచ్చినయన్ని నేను లోపలికి తీస్కపోయి స్వరూపకు ఇచ్చిన. మొదటి నాడు పేలాలు గూడ ఆగలే. రెండో నాడు సగం ఆగినయి. నాలుగో నాడు పొద్దుగాల ఆమె పేలాలు నమిలి, మురబ్బ ముక్క బుగ్గన పెట్టుకొని, కండ్లు మూసుకొని పండుకున్నది. బకెట్ పట్టుకొని నేను పక్కన నిలవడ్డ. అద్దగంట అయినా ఏం కాలే. కండ్లు తెరిసి, "ఆకలైతుంది" అన్నది. నేను బకెట్ కింద పెట్టి గోడ దిక్కు తిరిగిన. ఏడుస్తున్న అని ఆమెకు తెల్వొద్దని.

పూర్తిగ పోలే గని, గోలీలు ఆగవట్టినయి, నీళ్లు ఆగవట్టినయి. సెలైన్ ముచ్చట పక్కకు పోయింది. తాగుబోతు పేరుతోని పెండ్లానికి తిండి సంపాయించిన మొగోడు నేనొక్కన్నేనేమో.

ఇంకో ఆరు దినాలైతె మూడు నెల్లు నిండుతయి అన్నంగ మా బావ వచ్చిండు. స్వరూపకు పెద్దన్న, ప్రభుదాసు. ఆదిలాబాదుల పత్తి జిన్నింగు మిల్లుల పని. మా చర్చిల మాట ఆదిలాబాదు పోవాలంటె బస్సు అక్కరలేదు. బావ జీపు మాట్లాడుకొని వచ్చిండు. ఆ టైముకు గిద్యోను సారు, పాస్టరయ్య నాకోసం ప్రార్థన చేసుకుంట మా ముందటి అర్రల ఉన్నరు. శాంతమ్మ పేలాలు పట్టుకొని అప్పుడే వచ్చింది.

"కాయ్ ఝాలా? ఏమైంది? ఏంది నేను ఇంటున్నది?" అన్నడు బావ. అటు మరాఠోళ్ల నడుమ ఉండి ఉండి ఆయనకు కోపమొస్తె సగం మరాఠీనే. తాగుబోతు ఇంట్ల తన చెల్లెను ఒక్క పూట గూడ ఉంచనన్నడు. స్వరూపను బట్టలు సదురుకొమ్మన్నడు.

గా గుంతల రోడ్డు మీద, జీపుల, గన్ని గంటలు. ఆమెకు ప్రయాణం పడదు బావా అన్న. ఎందుకు పడదన్నడు. ఏం చెప్పాలె? జ్వరమన్న. నిన్న గూడ జ్వరమేనా, నెల సంది జ్వరమేనా అని నా అంగి పట్టుకున్నడు.

"ఒక్క మాట చెప్పు ఏలియా. తాగుతవా, తాగవా?"

తాగ అంటె మరి చీటీ ఎవలికోసం అని అడుగుతరు. తాగుత అంటె ఆమెను జీపు ఎక్కిస్తడు. నాకు రెండు దిక్కుల నుయ్యే. నేను లోపలి అర్ర తలుపు దిక్కు సూసిన. ఆమెకు ఇచ్చిన మాట యాదికొచ్చింది.

"తాగుత బావా. గని మానేస్తున్న. ఆమెను మాత్రం ఆరు దినాలు ఆగి తీస్కపో" అన్న.

తలుపు తెరుసుకున్నది. స్వరూప బయటికి వచ్చి గోడ పట్టుకొని నిలవడ్డది. పిడికిట్ల ఇంకా పేలాలున్నయి.

"ఆయన అంగి ఇడ్వు అన్నా. ఆయన ఒక్క సుక్క ముట్టడు. వాంతులు ఆయనకు కాదు, నాకు. నాకు మూడో నెల."

బావ చెయ్యి దానంతట అదే కిందికి దిగింది. స్వరూప నా దిక్కు సూసింది. "మొగులు ఇరిగి మీద పడ్డా చెప్పొద్దనుకున్న. గని నాకోసం నువ్వు గిన్ని మాటలు పడుతుంటె నేను తలుపెనుక దాసుకునుడు బాగలేదు" అన్నది. కిందటిసారి లెక్కనే అందరు ఇప్పుడు అడుగుతరు, ఎట్లున్నది, ఎన్నో దినం, ఈసారన్న నిలుస్తదా అని. ఆమె గా భయంతోనే అందరి మొకాలు సూస్తుండె.

శాంతమ్మ ఏం అడగలే. కుర్సీ జరిపి, "నిలవడకు బిడ్డా, కూసో. మాకు ఎరుకే" అన్నది.

"ఎప్పటి సంది?" అన్న నేను.

"చీటీ సదివిన కాడికెల్లి. ముప్పై ఏండ్లు దవాఖానల చేసిన కొడుకా, పోపు వాసన పడని తాగుబోతును నేను ఒక్కన్ని గూడ సూడలే."

ఆ ఆదివారం ఆడోళ్ల దిక్కు ఒక్క తలకాయ ఎందుకు తిరగలేదో నాకు అప్పుడు సమజైంది. ఒక్కరు తిరిగినా అందరికి తెలిసిపోతది. అందరికి ఎరుకే కాబట్టి ఒక్కరు తిరగలే.

"మరి నన్నెందుకు అడగలే?" అన్నది స్వరూప.

శాంతమ్మ చేతులల్ల పేలాల డబ్బ అటు ఇటు తిరుగుతుంది. "కిందటిసారి అడిగినం గద బిడ్డా. నెల దినాలు అడిగి అడిగి నిన్ను ఏడిపిచ్చినం. నువ్వే చెప్పేదాక ఎరుకలేనట్టే ఉండాలని అనుకున్నం."

స్వరూప ఊరందరి ముంగట ఏడ్వనన్నది గద, ఏడ్చింది. శాంతమ్మ ఒళ్లె తలవెట్టి ఏడ్చింది. ఎవ్వలు ఎందుకని అడగలే. బావ బయటికి పోయి జీపోన్ని ఎల్లగొట్టి వచ్చిండు, వచ్చి నా అంగి మడతలు సరిచేసిండు.

ఇగ నా పేరు కడిగిన ముత్యమైందనుకుంటున్నరా? గిద్యోను సారు గొంతు సవరించుకున్నడు.

"స్వరూప కడుపుతోని ఉన్నది, దేవునికి స్తోత్రం. గని ఏలియ తాగుడు ముచ్చట వేరే. మోరి కాడ నేను కండ్లార సూసిన. నా ముంగట ఒప్పుకున్నడు, సంతకం పెట్టిండు."

నేను లేదు మొర్రో అంటె, తాగినోడు తాగలే అనే చెప్తడన్నడు. తరువాత ఒక్కన్నే దొరికిచ్చుకొని నిజం చెప్పుదామని రెండుసార్లు పోయిన. పోయినప్పుడల్ల ఆయన నా చెయ్యి పట్టుకొని, "తమ్మున్ని నిలవెట్టలేకపోయిన, నిన్ను నిలవెట్టిన" అనేటోడు. ఇగ నాకు నోరు రాకపోయేది. ఇప్పటికీ రాలే.

బిడ్డ పుట్టింది. దీవెన అని పేరు పెట్టుకున్నం. ఆమెకు ఇప్పుడు తొమ్మిదో ఏడు నడుస్తుంది. సండే స్కూల్ల "మా బాపు తాగడు" అంటె గిద్యోను సారు తల నిమిరి, "ఇప్పుడు తాగడు బిడ్డా" అన్నడట. ఏటా ఒక ఆదివారం నాతోని సాక్ష్యం చెప్పిస్తరు. మంచిర్యాలకెల్లి గూడ మనుషులొచ్చి, ఎట్ల మానేసినవు అన్నా అని అడుగుతరు. పొద్దుగాల మంచం దిగకముందు గుప్పెడు జొన్న పేలాలు నమలుమని చెప్త. ఇద్దరు నిజంగనే మానేసిండ్రట. ఇది నేను కల్పించి చెప్తలే.

కాబట్టి సదివెటోళ్లందరి ముంగట ఇదే నా ప్రమాణం. మొదటి ప్రమాణం తప్పే అవసరం రాలే, గిది గూడ తప్ప. ఇగ జన్మల ఏ పెట్టెల ఏ చీటీ ఎయ్య. ఎయ్యక తప్పకపోతె ఎడమచేత్తోని రాస్త, 'ల' తోక కోస్త, నీడ అసలే ఇయ్య. మా వాడకట్టుల ఎవలింట్లనన్న పోపు వాసన పడ్తలేదని చెవిన పడితె, నేను ఏం అడగ. తెల్లారకముందే పోయి, పేలాల డబ్బ ఒకటి కడప కాడ పెట్టి, ఎరుకలేనట్టు మర్లి వస్త. ఎవలన్న సూసినా భయం లేదు. తాగుబోతోడు ఏదో మర్శిపోయిండనుకుంటరు.